గుర్రాలు సరే, గడ్డి ఏది?

కల్పిత లోకపు కథ రాయబోయేవాళ్లు పటం గీసుకుంటే, కొండలకు అవతల ఒక గడ్డిమైదానం, అందులో ఒక తెగ తప్పనిసరి. ఆ తెగకు గుర్రాలుంటాయి, విల్లులుంటాయి, ఊళ్లు తగలబెట్టే అలవాటు ఉంటుంది. గొర్రెలు మాత్రం ఉండవు. పాలు పితికేవాళ్లు, బొచ్చు కత్తిరించేవాళ్లు ఒక్కరూ కనపడరు. మరి వీళ్లు రోజూ ఏం తిని బతుకుతున్నారు?

ఈ బొమ్మ చాలా పాతది. క్రీస్తుపూర్వం 5వ శతాబ్దంలో గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ సిథియన్ల గురించి, ఆ తర్వాత చైనాలో చరిత్రకారుడు సిమా చియన్ షియోంగ్నుల గురించి రాశారు. ఇద్దరూ రాసింది గడ్డిమైదానాల్లో గుర్రాల మీద తిరిగే తెగల గురించే. క్రీ.శ. 4వ శతాబ్దంలో రోమన్ చరిత్రకారుడు అమ్మియానస్ హూణులు మాంసాన్ని వండుకోరని, తొడకూ గుర్రం వీపుకూ మధ్య పెట్టుకుని వెచ్చబెట్టి తింటారని రాసేశాడు. తవ్వకాల్లో బయటపడిన హూణుల రాగి గుండిగలు మాత్రం వేరే మాట చెబుతున్నాయి. రాసినవాళ్లందరూ గోడకు ఇవతల, ఊళ్లలో స్థిరపడినవాళ్లే. మంగోలులు తమ కథ తామే చెప్పుకున్నది 13వ శతాబ్దంలో, ‘మంగోలుల రహస్య చరిత్ర’ అనే గ్రంథంలో. అందులో చెంఘీజ్ ఖాన్ తల్లి దుంపలు తవ్వి పిల్లల కడుపు నింపుతుంది. ఎనిమిది గుర్రాలను దొంగలు తోలుకుపోవడం ఆ ఇంటికి పెద్ద ఆపద.

ఇక లెక్క. 300 కిలోల గుర్రానికి రోజుకు సుమారు 6 కిలోల ఎండుగడ్డి, 25 లీటర్ల నీళ్లు కావాలి. స్టెప్పీ, అంటే ఆ గడ్డిమైదానపు రౌతు ఒక్క గుర్రంతో యుద్ధానికి పోడు, తక్కువంటే మూడు తోలుకుపోతాడు. వెయ్యిమంది రౌతులంటే 3,000 గుర్రాలు. పూటకు కాదు, రోజుకు 18 టన్నుల గడ్డి, 75,000 లీటర్ల నీళ్లు. అందుకే పెద్ద దండు ఒకేచోట నాలుగు రోజులు దిగితే నేల గుండైపోతుంది. 1242లో మంగోలులు హంగరీ వదిలి వెళ్లడానికి అప్పటి ఖాన్ ఒగెదెయ్ చావుతోపాటు మేత చాలకపోవడమూ కారణమని కొందరు చరిత్రకారుల వాదన. చలికాలం చివర గుర్రాలు ఎముకలగూడు. మార్చిలో దండయాత్ర పెట్టిన రచయిత తన సైన్యాన్ని తానే చంపుకున్నట్టు.

ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కూడా గట్టిగా పడని అనంతపురం నేలమీద ఆ దండును ఊహించుకోండి. సంక్రాంతి దాటాక బీళ్లలో ఏముంటుంది? అసలు గడ్డినేల ఎలా ఉంటుందో చూడాలంటే బట్టమేక పిట్ట కోసం 1988లో ఏర్పడిన రోళ్లపాడు అభయారణ్యం మనకు దగ్గరే. పాత కర్నూలు జిల్లా, ఇప్పటి నంద్యాల. ఏడాదిలో ఎక్కువ కాలం అక్కడి గడ్డి రంగు పచ్చ కాదు, గోధుమ.

తెగకు నిజమైన ఆస్తి మంద. ఇక్కడే మన కురుబ, గొల్ల కాపరుల పని గమనిస్తే కథకు కావలసినంత సరుకు దొరుకుతుంది. పంట కోసిన చేలో రాత్రిపూట మంద కట్టిస్తారు. పెంటిక, మూత్రం నేలకు ఎరువు. రైతు అందుకు గింజలో డబ్బో ఇస్తాడు. అంటే కాపరికీ సేద్యగాడికీ ఏటా బేరం ఉంటుంది, తగువులూ ఉంటాయి. తరతరాల పగ అనే మాట ఇక్కడ అతకదు.

తొలకరి తర్వాత లేతగడ్డి మొలుస్తుంది. ఆకలిమీదున్న గొర్రె దానిమీద పడి మేస్తే చిటుక రోగం. పేగులో ఉండే సూక్ష్మజీవి ఒక్కసారిగా పెరిగి విషం వదులుతుంది. సాయంత్రం గంతులేసిన పిల్ల తెల్లారేసరికి కాళ్లు చాచి ఉంటుంది. చిత్రమేమంటే బక్కవి కాదు, మందలో బాగా మేసి బలిసినవే ముందు పోతాయి. ఇప్పుడైతే వానలకు ముందే టీకా వేయిస్తారు. టీకా లేని లోకంలో తెలిసిన పెద్ద కాపరి ముందు ఎండుమేత వేసి, సగం కడుపు నిండాకే లేతగడ్డి మీదికి తోలతాడు. తెలియనివాడు చేతబడి అంటాడు. మీ కథలో మంత్రగత్తె మీద నింద పడాలంటే ఇంతకన్నా మంచి రాత్రి దొరకదు.

బట్ట సంగతీ అంతే. నల్లబొచ్చు వడికి, చింతగింజల గంజి పట్టించి గొంగడి నేస్తారు. దానికి గుంతమగ్గం కావాలి, మగ్గానికి ఇల్లు కావాలి. ఎప్పుడూ కదిలే తెగకు అది కుదరదు. స్టెప్పీవాళ్లు బొచ్చును పరిచి కర్రలతో కొట్టి, నీళ్లు చల్లి, దుంగకు గట్టిగా చుట్టి గుర్రంతో ఈడ్పిస్తారు. మగ్గం లేకుండానే దట్టమైన నమదా, అంటే నేయని ఉన్ని పట్ట తయారు. గుడారం కప్పు, గోడలు అన్నీ అదే. నీళ్లు తక్కువైనా, చుట్టు వదులైనా మధ్యలో విడిపోతుంది.

తిరిగేవాళ్లంతా దొంగలన్న రాత మన నేలమీద చట్టమే అయింది. ఎరుకలవాళ్లు గాడిదల మీద, ఎద్దుల మీద కోస్తా ఉప్పును లోపలి జిల్లాలకు చేర్చి, ధాన్యం తీసుకుపోయేవారు. రైళ్లొచ్చాయి, ఉప్పు మీద సర్కారు పట్టు బిగిసింది, బేరం పోయింది. 1871 నాటి నేరస్థ తెగల చట్టం 1911లో మద్రాసు రాష్ట్రానికీ వచ్చింది. కర్నూలు జిల్లాలో సిద్ధాపురం అలాంటివాళ్లను ఉంచిన సెటిల్‌మెంట్లలో ఒకటి. చట్టం దేశమంతటా రద్దయింది 1952లో.

కాబట్టి మీ తెగ ఊళ్ల మీద పడే ముందు పటంలో మూడు గుర్తులు పెట్టండి: ఉప్పు ఎక్కడ పండుతుంది, ఏ కనుమ గుండా వస్తుంది, ఆ కనుమ దగ్గర సుంకం ఎవరు పెంచారు.