అంచు చూస్తే గానీ తెలియని గడ్డ

చెవి తమ్మె కింద, దవడ మూల దగ్గర గోళీకాయంత గడ్డ. నొప్పి ఉండదు. వేలితో నెడితే అటూ ఇటూ జారుతుంది. ‘కొవ్వు గడ్డేలే’ అని ఏళ్ల తరబడి వదిలేస్తారు. గవదబిళ్లలు వచ్చినప్పుడు వాచేది అక్కడి పరోటిడ్ అనే లాలాజల గ్రంథే. అందులో పుట్టే గడ్డల్లో సుమారు 80 శాతం క్యాన్సర్ కాదు. చిక్కంతా మిగతావాటితోనే. వాటిలో కొన్ని చేతికీ, స్కానింగ్‌కీ, ఆఖరికి మైక్రోస్కోపుకీ మంచి గడ్డల్లాగే కనిపిస్తాయి.

క్యాన్సర్ కణమంటే వికారంగా, అడ్డదిడ్డంగా ఉంటుందనుకుంటాం. లాలాజల గ్రంథుల్లో వచ్చే ఎడినాయిడ్ సిస్టిక్ కార్సినోమా అనే క్యాన్సర్ కణాలు మాత్రం చిన్నగా, ఒకే తీరుగా, జల్లెడ కన్నాల చుట్టూ బుద్ధిగా కూర్చుంటాయి. క్యాన్సర్ కాని ప్లియోమార్ఫిక్ ఎడినోమాలోనూ అక్కడక్కడా ఇదే అమరిక ఉంటుంది. ఇక బేసల్ సెల్ ఎడినోమాకీ, దాని క్యాన్సర్ రూపానికీ కణాల్లో పెద్ద తేడా కనపడకపోవచ్చు. తేడా తెలిసేది అంచులో. గడ్డ తన గీత దాటి పక్క కణజాలంలోకి వేళ్లు పోనిచ్చిందా, నరాన్ని చుట్టుకుందా?

సన్నని సూదితో కణాలు తీసి చూసే ఎఫ్‌ఎన్‌ఏసీ పరీక్షలో కణాలు వస్తాయి, అంచు రాదు. అందుకే ఆ రిపోర్టులో ‘కచ్చితంగా చెప్పలేం’ అని రాస్తే డాక్టరుకి చేతకాలేదని కాదు. ఈ రిపోర్టుల కోసం 2018లో వచ్చిన మిలాన్ పద్ధతిలో అలాంటి సందిగ్ధానికి విడిగా ఒక వర్గమే ఉంది. ఒక్కోసారి జన్యువులు సాయపడతాయి: ఎంవైబీ జన్యువు తెగి మరోదానితో అతుక్కుంటే ఎడినాయిడ్ సిస్టిక్ వైపు, పీఎల్‌ఏజీ1 మారితే ప్లియోమార్ఫిక్ వైపు మొగ్గుతారు. రెండోది చూసి గుండె మీద చెయ్యి వేసుకోలేం. పాత ప్లియోమార్ఫిక్ గడ్డలోనే క్యాన్సర్ పుట్టొచ్చు. ఎన్నాళ్లుగానో కదలని గడ్డ ఉన్నట్టుండి పెరిగినా, నవ్వినప్పుడు మూతి ఒక పక్కకి లాగినా తాత్సారం చేయకూడదు. అంగిట్లో గడ్డ లేస్తే అనుమానం ఇంకా ఎక్కువ. అక్కడుండే చిన్న లాలాజల గ్రంథుల గడ్డల్లో క్యాన్సర్ వాటా పెద్దది.

ముఖాన్ని కదిలించే నరం పరోటిడ్ మధ్యలోంచే కొమ్మలు వేసుకుంటూ పోతుంది. సర్జన్ ముందు ఆ నరాన్ని వెతికి పట్టుకుని, ఆ తర్వాతే గడ్డని చుట్టూ కొంత గ్రంథితో కలిపి తీస్తారు. బఠాణీ గింజ ఒలిచినట్టు గడ్డనొక్కదాన్నే లాగితే తునకలు మిగిలి మళ్లీ మొలుస్తుంది. అంచూ దొరకదు. పెథాలజిస్టు ఆ అంచు చూశాక, నరం వెంట పాకిందని తేలితే సాధారణంగా రేడియేషన్ ఇస్తారు.

అయిదేళ్లు గడిచాయి కదా అని చెకప్‌లు మానడం ఎడినాయిడ్ సిస్టిక్ విషయంలో పనికిరాదు. పదేళ్ల తర్వాత కూడా అది ఊపిరితిత్తుల్లో తేలొచ్చు.