ఊళ్లో ఎందరు, లెక్కలో ఎందరు?

2021లో జరగాల్సిన జనగణన కరోనాతో ఆగి, చివరికి 2027 మార్చి 1 ప్రాతిపదికగా ఖరారైంది. దాంతో హైదరాబాద్‌లో బతుకుతూ ఓటు మాత్రం ఊళ్లో ఉంచుకున్నవాళ్లకు పాత టెన్షన్ మళ్లీ మొదలైంది. పేరు ఎక్కడ రాయించాలి?

ఈ తికమక బాగా బయటపడింది 2014 ఆగస్టు 19న. కొత్త రాష్ట్రం తెలంగాణ ఒకే రోజున సమగ్ర కుటుంబ సర్వే పెట్టింది. ఆ రోజు ఇంట్లో లేకపోతే రేషన్ కార్డు, పింఛను పోతాయన్న మాట పాకింది. అంతే, ముందురోజు హైదరాబాద్ బస్టాండ్లు ఎంజీబీఎస్, జేబీఎస్‌లలో కాలు పెట్టే సందు లేదు. టాప్ మీద కూర్చునైనా సరే, పిల్లాజెల్లాతో ఊరికి పోయినవాళ్లే. ఏళ్ల తరబడి తాళం పడ్డ ఇళ్ల ముందు ఆ పూట జనం కనిపించారు. మర్నాడు మళ్లీ పట్నం బస్సే.

జనగణన పద్ధతి వేరు. మనిషి మామూలుగా ఎక్కడ ఉంటే అక్కడే లెక్క. 2011లో తెలంగాణలో నూటికి 39 మంది పట్టణాల్లో తేలింది అలాగే. సర్వేలో జనం తమది అనుకున్న ఊరు చెప్పుకున్నారు, సెన్సస్‌లో నిద్రపోయే చోటు రాస్తారు. నా దృష్టిలో రెండూ అబద్ధాలు కావు. చిక్కల్లా రెండో లెక్కతోనే నిధులు ముడిపడి ఉండటం.

అసలు ఊళ్లు ఎందుకు ఖాళీ అయ్యాయంటే పాలమూరు (మహబూబ్‌నగర్) వైపు చూడాలి. వానలు లేక, బోర్లు ఎండి, కూలీలను పనికి కుదిర్చే గుంపు మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు పట్టుకుని జనం దేశమంతా ప్రాజెక్టుల పనులకు పోయారు. తర్వాత హైదరాబాదే దగ్గరి దిక్కయింది. అపార్ట్‌మెంట్ పని, వాచ్‌మన్ గది, లేబర్ అడ్డా. ముసలివాళ్లు ఊళ్లో, బడి ఈడు పిల్లలు కొందరు వాళ్ల దగ్గర.

విచిత్రమేమిటంటే, ఇలా జనం తగ్గుతున్న రోజుల్లోనే పంచాయతీలు పెరిగాయి. 'మా తండాలో మా రాజ్యం' అన్నది లంబాడాల పాత డిమాండ్. 2018 పంచాయతీరాజ్ చట్టంతో సుమారు 500 జనాభా ఉన్న తండాలు, గూడేలు విడి పంచాయతీలయ్యాయి. మొత్తం సంఖ్య పన్నెండున్నర వేలు దాటింది. అయిదు వందల మందిలో సగం పట్నంలోనే ఉంటే సర్పంచ్ ఎన్నిక ఎలా జరుగుతుందో 2025 డిసెంబర్‌లో చూశాం. పోటీ చేసేవాళ్లు హైదరాబాద్ బస్తీలకు వచ్చి మరీ ఓట్లు అడిగారు, బండ్లు మాట్లాడి పంపారు. అభ్యర్థికి ఓటరు జాబితా కంటే ఫోన్ నంబర్ల జాబితాతోనే ఎక్కువ పని!

జనం తగ్గినంత మాత్రాన చట్టంలో పేరెక్కిన పంచాయతీ దానంతటదే రద్దు కాదు. దెబ్బ పడేది నిధుల మీద. కేంద్ర నిధుల పంపకాన్ని సూచించే పదిహేనో ఆర్థిక సంఘం స్థానిక సంస్థల గ్రాంట్లకు 2011 జనాభానే తీసుకుంది. కొత్త అంకెలు వచ్చాక చిన్న ఊళ్ల వాటా గురించి పేచీ తప్పదు.

ఇక కార్డుల భయానికి ఆధారం లేదు. 1948 జనగణన చట్టం ప్రకారం ఇంటి వివరాలు రహస్యం, రేషన్‌కూ పింఛనుకూ వాటితో సంబంధం లేదు. పట్నంలో ఉన్నవాళ్లు పట్నంలోనే రాయించుకోవాలి. అప్పుడు ఊరి అంకె తగ్గుతుంది నిజమే, కానీ వాళ్లుండే బస్తీకి అంగన్‌వాడీ, మంచినీళ్ల లైను అడగాలన్నా ముందు ఆ బస్తీలో వాళ్లు లెక్కకు రావాలి.