డాలరుకు ఒక సెంటు: స్ప్లోస్ట్ అపోహలు - వాస్తవాలు

అట్లాంటా శివార్లలోని కౌంటీలకు రోడ్లు, కాలిబాటల అంచనాలు వేయడం నా పని. వాటిలో చాలా పనులకు డబ్బు 'స్ప్లోస్ట్' నుంచి వస్తుంది. డాలరుకు ఒక సెంటు చొప్పున కౌంటీ వసూలు చేసే ఈ ప్రత్యేక అమ్మకపు పన్ను జార్జియాలో 1985 చట్టంతో మొదలైంది. సాధారణంగా ఐదారేళ్ల గడువు ఉంటుంది. ఆ తర్వాత కొనసాగించాలంటే మళ్లీ ఓటర్లను అడగాలి. నేనుండే గ్విన్నెట్ కౌంటీలో 2022 నవంబరులో అడిగారు, ఆరేళ్లకు సరేనన్నారు. పొడిగింపు మాట వచ్చినప్పుడల్లా మనవాళ్ల విందుల్లో నాకు వినిపించే మాటలు ఇవి.

అపోహ: మళ్లీ కొత్త పన్ను వేస్తున్నారు.
వాస్తవం: గ్విన్నెట్‌లో అమ్మకపు పన్ను 6 శాతం. రాష్ట్రానికి 4, బడులకు 1, స్ప్లోస్ట్‌కు 1. పొడిగిస్తే అదే 6 ఉంటుంది. కాదంటే 5కు దిగుతుంది. 'పన్ను పెరగదు' అని కరపత్రాలు వేసేవారు ఈ రెండో సగం చెప్పరు. ఈ డబ్బుతోనే నా పని నడుస్తుంది, అయినా ఆ దాపరికం నాకు నచ్చదు.

అపోహ: వంటసరుకుల మీద పన్ను లేదు కదా, మనకేమిటి?
వాస్తవం: ఇండియన్ స్టోరు రసీదు తీసి చూడండి. సోనా మసూరి బస్తా, కందిపప్పు, బెండకాయల మీద రాష్ట్రపు 4 శాతం ఉండదు, స్థానికమైన 2 శాతం మాత్రం ఉంటుంది. అక్కడే వేడి సమోసా తింటే మొత్తం 6. విచిత్రమేమిటంటే కారు మీద స్ప్లోస్ట్ లేదు. 2013 నుంచి దానికి వేరే పన్ను ఉంది. బియ్యం మీద పడి కారు మీద పడని పన్ను చిన్న జీతాలవారికే ఎక్కువ బరువు. ఆస్తి పన్ను కన్నా ఇదే మేలనేవారి మాటలోనూ పస లేకపోలేదు: మాల్ ఆఫ్ జార్జియాకు పక్క కౌంటీల నుంచి వచ్చేవారూ ఇక్కడి సెంటు కట్టి వెళతారు.

అపోహ: ఈ డబ్బంతా జీతాలకే పోతుంది.
వాస్తవం: చట్టం ఒప్పుకోదు. గ్రంథాలయం కట్టవచ్చు, లైబ్రేరియన్‌కు జీతం ఇవ్వకూడదు. ఫైరింజను కొనవచ్చు, దాన్ని నడిపేవారికి ఇవ్వకూడదు. అసలు చిక్కు ఇక్కడే ఉంది. రిబ్బను కత్తిరించిన మర్నాటి నుంచి కరెంటు బిల్లు, సిబ్బంది ఖర్చు సాధారణ బడ్జెట్ మీద పడతాయి, అంటే చాలావరకు మీ ఆస్తి పన్ను మీద. జాబితాలో కొత్త భవనం కనిపిస్తే నేను మొదట అడిగేది కట్టడానికి ఎంతని కాదు, నడపడానికి ఏటా ఎంతని.

అపోహ: ఐదడుగుల కాలిబాటకు మూడేళ్లా!
వాస్తవం: కాంక్రీటు పోయడం అన్నిటికన్నా చివరి పని. ఒక ఊళ్లో నేను చూసిన కాలిబాట ఒక ఇంటి మెయిల్‌బాక్సు దగ్గర ఆగిపోయి, నలభై గజాల అవతల మళ్లీ మొదలవుతుంది. మధ్యలో కరెంటు స్తంభం, కింద గ్యాసు గొట్టం, పక్కన వాననీటి కాలువ. స్తంభం కదలాలంటే విద్యుత్ సంస్థ రావాలి, ఇంటి ముందు జాగాకు యజమాని సంతకం పెట్టాలి. అవి రెండూ అయ్యేలోగా నేను వేసిన అంచనా పాతబడిపోయింది. టెండర్లు తెరిచిన రోజు నేను తల ఎత్తలేదు.

అపోహ: ఓటర్లు ఏది అడిగినా ఊ అంటారు.
వాస్తవం: అదే గ్విన్నెట్ ఓటర్లు ప్రజా రవాణాకు మరో సెంటు అడిగితే 2019, 2020, 2024లలో వద్దన్నారు.

అపోహ: హెచ్1బీ, గ్రీన్ కార్డువాళ్లకు ఇందులో పనేమీ లేదు.
వాస్తవం: పన్ను ఉంది, ఓటు లేదు, నిజమే. కానీ పనుల జాబితా ఓటుకు ముందే తయారవుతుంది, ఆ సమావేశాల తలుపులు అందరికీ తెరిచే ఉంటాయి. ఒకసారి మనవరాలిని రోజూ బడి బస్సు దగ్గరికి తీసుకెళ్లే పెద్దాయన ఒకరు వచ్చారు. గోడమీది పటంలో ఒక మలుపు దగ్గర వేలు పెట్టి, 'బాబూ, ఇక్కడ వచ్చే బండి కనిపించదు' అన్నారు. మేము గుర్తు పెట్టని చోటు అది. ఆయన తెలుగులోనే చెప్పారు. నేను రాసుకున్నాను.