పండక్కి వచ్చే నేస్తానికి ఏం వండాలి?

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

మీ ఉత్తరం అందింది. "మా క్లాసులో కొత్తగా చేరిన అమ్మాయికి గోధుమ, పాలు, గుడ్డు, పల్లీలు, నువ్వులు పడవు. సంక్రాంతికి మనింటికి రమ్మన్నాం. తనకి కావలసిన దినుసులన్నీ పెద్ద షాపుల్లోనే దొరుకుతాయి, చాలా ఖరీదు అంటోంది అమ్మ. నిజమేనా తాతయ్యా?" అని అడిగారు.

సగం నిజం. దినుసులు దొరకడం కష్టం కాదు, దేనితోనూ కలవకుండా దొరకడం కష్టం.

ముగ్గులో రంగులు నింపేటప్పుడు చూశారుగా. తెల్లపిండి పళ్లెంలో చిటికెడు ఎర్ర రంగు పడిందంటే జల్లెడ పట్టినా పోదు. ఎరుపు అంటిన వేళ్లతో తెల్ల ముగ్గు తీస్తే గీత గులాబీ రంగుకు తిరుగుతుంది. వేళ్లు పాతగుడ్డకు తుడుచుకుంటే రంగు గుడ్డకు ఎక్కుతుంది, గుడ్డ పట్టుకున్న చెల్లి చేతికి అంటుతుంది. సబ్బు పెట్టి కడిగితేనే వదులుతుంది. పడని తిండిలో ఒంటికి సరిపడనిది దానిలోని ప్రొటీన్. అదీ ఈ రంగులాంటిదే, కాకపోతే కంటికి కనపడదు. నూనెలో వేయించినా అది పోతుందని నమ్మడానికి లేదు. శానిటైజర్ రాసుకుంటే క్రిములు చస్తాయేమో గాని, ప్రొటీన్ చేతిమీదే ఉండిపోతుంది.

ఇప్పుడు మీ వంటింట్లోకి వెళ్లి నిలబడండి. గోధుమపిండి ఎరుపు అనుకోండి, పాలు పసుపు, పల్లీలు నీలం, నువ్వులు ఆకుపచ్చ, గుడ్డు కాషాయం. చపాతీ కర్ర నిండా ఎరుపే. జల్లెడ కన్నాల్లో ఎరుపే. చెక్క గరిటె చీలికల్లో అన్ని రంగులూ ఉన్నాయి. పూరీలు వేయించిన నూనె అడుగున ఎరుపు పేరుకుని ఉంది. పోపుల పెట్టెలో ఒకే చెంచా అన్ని గిన్నెల్లోనూ తిరుగుతోంది. పండగరోజు కడిగిన స్టీలు గిన్నెలు, కొత్త నూనె, విప్పని ప్యాకెట్లు పెట్టుకోవాలి. ఆ అమ్మాయి వంట అన్నిటికంటే ముందు చేసి మూతపెట్టి పైన ఉంచాలి. మీ వంటలు తర్వాతే.

పిండిమర సంగతి వేరే చెప్పాలి. అక్కడ మనకంటే ముందు గోధుమలు ఆడించి ఉంటారు. రాళ్ల మధ్యా, గొట్టంలోనూ, కింద కట్టిన గుడ్డసంచిలోనూ ఆ పిండి నిలిచి ఉంటుంది, మన జొన్నపిండితో కలిసి వస్తుంది. మా చిన్నతనంలో ఇంటింటా తిరగలి ఉండేది. బియ్యం, పెసలు, కందులు ఎవరింట్లో వాళ్లు విసురుకునేవాళ్లు. అందువల్ల ఎవరి పిండి వారిదే. ఇప్పుడు తిరగలి పని మిక్సీ చేస్తుంది. కొద్దికొద్దిగా వేసి ఆడండి, ఒకేసారి నింపితే జారు వేడెక్కి పిండి ఉండకడుతుంది.

ఇక దినుసులు. అంగట్లో టాపియోకా పిండి అని పెద్ద ధర వేసి అమ్మేది కర్రపెండలం దుంప పిండి. కాకినాడ జిల్లాలో సామర్లకోట, పెద్దాపురం వైపు మిల్లుల్లో అదే దుంపతో సగ్గుబియ్యం చేస్తారు. సగ్గుబియ్యం మిక్సీలో మెత్తగా కొట్టి జల్లిస్తే, చిక్కదనానికి దాదాపు అదే పని చేస్తుంది. పాలగుండ (ఆరారూట్ పిండి) కూడా అంతే. సైలియం అని రాసి ఉండేది మందుల షాపులో దొరికే ఇసబ్‌గోల్. రంగూ రుచీ కలపనిది తీసుకోండి. గోధుమలో గ్లూటెన్ అనే ప్రొటీన్ వల్ల వచ్చే సాగుడు జొన్న, రాగి, కొర్ర పిండికి ఉండదు, రొట్టె అంచులు విచ్చుకుంటాయి. కప్పు పిండికి చెంచా ఇసబ్‌గోల్ కలిపి, మరుగుతున్న నీళ్లు ముప్పావు కప్పు పోసి, గరిటెతో కలిపి, పది నిమిషాలు మూతపెట్టి ఆ తర్వాత మర్దించండి. నీళ్లు గోరువెచ్చగా ఉంటే పిండికి జిగురు రాదు, రొట్టె ఎత్తగానే తెగుతుంది.

గుడ్డుకు బదులు అవిసె గింజలు. పొడి పెద్ద చెంచాడు, నీళ్లు మూడు పెద్ద చెంచాలు, పది నిమిషాలు ఉంచితే జిగటగా అవుతుంది. ఇది ఒక గుడ్డుకు సరి. మహా అయితే రెండు గుడ్లకు బదులుగా వేయొచ్చు. అంతకుమించి వేస్తే కేకు లోపల తడిగా, బంకగా ఉండిపోతుంది.

పాల విషయంలో పెద్దవాళ్లు కూడా పొరబడతారు. ఆవు పాలు పడకపోతే గేదె పాలు పెట్టొచ్చు అనుకుంటారు. రెండింటి ప్రొటీన్లూ చాలా దగ్గరివి, పెట్టకూడదు. లాక్టోజ్ అనే పాలచక్కెర తీసేసిన పాలలోనూ ప్రొటీన్ అలాగే ఉంటుంది. నెయ్యిలో కూడా కొంత మిగులుతుంది. కొబ్బరిపాలు తీసుకోండి, ఒక కాయ కోరులో కప్పున్నర గోరువెచ్చని నీళ్లు పోసి తిప్పి పిండితే చాలు. నెయ్యి బదులు కొబ్బరినూనె. నూనెల్లో పల్లీ నూనె, నువ్వుల నూనె వద్దు. గానుగ నూనెలో గింజ ప్రొటీన్ మరీ ఎక్కువ మిగులుతుంది.

హైదరాబాద్ బేగంబజారుకు వెళితే ఇవన్నీ చవకగా దొరుకుతాయి. కానీ అక్కడ బస్తాలు నోరు తెరుచుకుని పక్కపక్కనే ఉంటాయి, పల్లీల బస్తాలో తిరిగిన చేట కొర్రల బస్తాలోకి వస్తుంది. మీ నేస్తం కోసం విడి సరుకు కొనకండి. సీలు వేసిన ప్యాకెట్టే కొని, వెనకవైపు మొత్తం చదవండి. మన దేశపు ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2020 నిబంధనల ప్రకారం గోధుమ, పాలు, గుడ్డు, పల్లీ ఉంటే "కంటెయిన్స్" (ఇవి ఉన్నాయి) అని విడిగా రాయాలి. మన దేశపు జాబితాలో నువ్వులు లేవు, అందుకని దినుసుల వరస చివరిదాకా చూడాలి. అమెరికాలో 2023 జనవరి 1 నుంచి నువ్వులూ జాబితాలో చేరాయి. "మే కంటెయిన్" (ఉండొచ్చు) అని ఉంటే పక్కన పెట్టేయండి. "గ్లూటెన్ ఫ్రీ" అంటే గ్లూటెన్ కిలోకు 20 మిల్లీగ్రాములు మించకూడదని నియమం.

పులిహోరలో వేసే ఇంగువ డబ్బా ఇప్పుడే తీసి చూడండి. గోధుమపిండి లేదా మైదా అని చాలావాటి మీద కనిపిస్తుంది. అసలు ఇంగువ ఘాటు తట్టుకోలేం గనక పిండి, బంక కలిపి అమ్ముతారు. బియ్యప్పిండి కలిపినదీ దొరుకుతుంది. దొరక్కపోతే ఇంగువ మానేయండి. మాల్ట్ అని ఉన్న డబ్బాలూ అంతే, మాల్ట్ మామూలుగా బార్లీది, అందులోనూ గ్లూటెన్ ఉంటుంది. ఇంట్లో కాచే రాగిజావకు ఆ భయం లేదు.

అరిసెలు నిక్షేపంగా చేయొచ్చు. వాటిలో గోధుమ లేదు, గుడ్డు లేదు. బియ్యం ఒక రోజంతా నానబెట్టి, నీళ్లు వాడ్చి, తడి ఆరకముందే మిక్సీలో ఆడి జల్లించండి. కిలో బియ్యానికి ముప్పావు కిలో బెల్లం, ఉండపాకం రాగానే రెండు చెంచాల కొబ్బరినూనె. నువ్వులు వద్దు. అరిసెల చెక్కలు మాత్రం అటక మీదే ఉంచండి. ఏళ్ల తరబడి నువ్వులూ నెయ్యీ ఇంకిన కొయ్య అది, ఎంత తోమినా వదలదు. రెండు చదునైన స్టీలు గిన్నెల అడుగుల మధ్య నొక్కండి.

ఇన్ని జాగ్రత్తలూ పడ్డా, ఆ అమ్మాయి అమ్మగారితో ముందుగా మాట్లాడండి. కొబ్బరి, అవిసె, పొద్దుతిరుగుడు తనకు సరిపడతాయో లేదో అడగండి. కొంచెం రుచి చూడమని ఎవరూ బలవంతం చేయొద్దు. తన మందు ఎక్కడుందో తెలుసుకోండి. పెదవులు వాచినా, ఊపిరి ఆడకపోయినా ఆ మందు ఇప్పించి వెంటనే 108కి ఫోన్ చేయాలి. ప్యాకెట్లన్నీ పారేయకుండా ఉంచితే ఆ అమ్మగారు స్వయంగా చదువుకుంటారు.

చివరగా మీకో పని. పల్లీలకు బదులు పొద్దుతిరుగుడు పప్పు కప్పు దోరగా వేయించి, నూనె తేలేదాకా మిక్సీలో తిప్పండి. ముప్పావు కప్పు పంచదార, పావు కప్పు జొన్నపిండి, ఒక గుడ్డుకు సరిపడే అవిసె జిగురు, అర చెంచా వంటసోడా కలిపి, బిళ్లలు చేసి 175 డిగ్రీల వేడిలో పన్నెండు నిమిషాలు కాల్చండి. బెల్లం వేస్తే రంగు కనపడదు, పంచదారే వేయండి. చల్లారాక కొన్ని గంటలకు ఒకటి విరిచి చూడండి. లోపల ఆకుపచ్చగా ఉంటుంది! చెడిపోలేదు, నిర్భయంగా తినొచ్చు. ఆ గింజలో క్లోరోజెనిక్ ఆమ్లం అని ఒకటుంది, సోడా తగిలితే అలా మారుతుంది. రెండో వాయికి చెంచా నిమ్మరసం చేర్చి కాల్చి, రెండు వాయిలూ పక్కపక్కన పెట్టి చూడండి. ఏది ఎంత పచ్చగా వచ్చిందో నాకు రాయండి.

మీ తాతయ్య