కుంచె, పొయ్యి, ప్రదర్శన: అనంతపురం చిత్రకారిణి చెప్పే అపోహలు - వాస్తవాలు

అనంతపురంలో ఉంటూ బొమ్మలు వేస్తాను, ఊళ్లోనే ప్రదర్శనలు పెడతాను, ఇంటి వంట నేనే చేస్తాను. ఈ మూడూ ఒకే మనిషి చేస్తోందంటే ఏదో ఒకటి పైపైన కానిచ్చేస్తోందని చాలామందికి అనుమానం. నా దగ్గర బొమ్మలు నేర్చుకునే పిల్లల అమ్మలు అడిగే ప్రశ్నల్లోనూ అదే వినిపిస్తుంది. పదేపదే వినే మాటలకు నా పనిలో తెలిసిన జవాబులు రాస్తున్నాను.

అపోహ: వంటింట్లో పడితే కుంచె మూలన పడుతుంది.

వాస్తవం: మన వైపు ఏ నెలలో ఏం వండుతామో ముందే తెలుసు. ఏ నెలలో ఏ రంగు ఎలా ఆరుతుందో కూడా ముందే తెలుసు. ఈ రెండూ పక్కపక్కన పెట్టుకుంటే రోజు ఎలా గడపాలో దానంతటదే తేలిపోతుంది.

ఎండాకాలం సంగతే తీసుకోండి. ఎండ 40 డిగ్రీలు దాటిన మధ్యాహ్నం అక్రిలిక్ రంగు కాగితం దాకా వచ్చేలోపే పళ్లెంలో గట్టిపడుతుంది. అందులోని నీళ్లు ఆవిరైతే చాలు, ఆరినట్టే. ఒకసారి ఆరాక మళ్లీ నీళ్లు పోసినా కరగదు. అందుకే ఏప్రిల్, మే నెలల్లో తెల్లవారకముందే లేచి, ఎండ ఎక్కేలోపు రంగుపని ముగిస్తాను. పళ్లెంలో తడిగుడ్డ పరిచి, దాని మీద బటర్ పేపర్ వేసి, రంగులు ఆ పేపర్ మీద పెడతాను. కింది తడి వల్ల రంగు చాలాసేపు మెత్తగా ఉంటుంది. ఆ తర్వాతే పొయ్యి వెలిగించడం. ఆ రోజుల్లో వంట కూడా తేలికే: చింతచిగురు పప్పు, రాగి అంబలి, ఊరమిరపకాయలు. మధ్యాహ్నం పెన్సిల్ గీతలు, కాగితాలు కోసుకోవడం.

సంక్రాంతి దగ్గర అంతా తిరగబడుతుంది. పొద్దున చలి, పగలు హాయి, నీళ్లరంగు కావలసినంత నెమ్మదిగా ఆరుతుంది. ఆ నెలల్లోనే చిక్కుడు జాతి అనపకాయలు వస్తాయి. పితికిపప్పు చేయాలంటే రాత్రి నానబెట్టిన గింజను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టి నొక్కాలి. తొక్క వేళ్లలో మిగులుతుంది, పప్పు గిన్నెలోకి జారుతుంది. ఒక పూత ఆరేలోపు దోసెడు పప్పు వస్తుంది, ఇంకో పూత ఆరేలోపు కూరకు సరిపడా. అయితే అనపకాయ వొలిచిన వేళ్లకు జిడ్డు పడుతుంది. సబ్బుతో కడగకుండా నీళ్లరంగుకు వాడే మందపాటి 300 జీఎస్ఎం కాగితం ముట్టుకుంటే వేలిముద్ర అప్పటికి కనబడదు. పూత వేశాక మాత్రం ఆ చోట రంగు పట్టదు, తెల్లటి మచ్చ తేలుతుంది. ఆ మచ్చను కప్పడం చాలా కష్టం.

అపోహ: ఏ నూనె అయినా నూనే. ఇంట్లో ఉన్న సెనక్కాయ నూనెతో ఆయిల్ రంగు కలుపుకోవచ్చు.

వాస్తవం: సెనక్కాయలు పండించే జిల్లా కదా, ఈ ప్రశ్న రావడం సహజం. కానీ కలపకూడదు. ఆయిల్ రంగు ఆరడమంటే నూనె ఆవిరవడం కాదు. అవిసె నూనె గాలిలోని ఆక్సిజన్‌ను పీల్చుకుని గట్టి పొరగా మారుతుంది. సెనక్కాయ నూనెకు ఆ గుణం లేదు. ఎన్ని నెలలైనా జిడ్డుగానే ఉంటుంది, దుమ్ము పట్టుకుంటుంది. అది పోపుకే పనికొస్తుంది.

అవిసె నూనెతో ఇంకో జాగ్రత్త ఉంది. వంట చేసే ప్రతి చిత్రకారుడూ ఇది తెలుసుకుని తీరాలి. ఆ నూనె తుడిచిన గుడ్డల్ని ఉండచుట్టి మూలన పడేస్తే, ఆరే క్రమంలో పుట్టే వేడి లోపలే పోగై, అగ్గిపుల్ల గీయకుండానే అంటుకోవచ్చు. మన ఎండల్లో ఈ ముప్పు ఇంకా ఎక్కువ. గుడ్డల్ని విడదీసి ఆరుబయట పరచండి, లేదంటే నీళ్లలో ముంచి మూతపెట్టిన ఇనుప డబ్బాలో ఉంచండి. వంటింటి దరిదాపుల్లో అసలు వద్దు. కాడ్మియం, కోబాల్ట్ లాంటి విషపు లోహాలున్న రంగులు వాడేవాళ్లు చెంచాలు, గిన్నెలు, నీళ్ల గ్లాసులు పూర్తిగా వేరుగా పెట్టుకోవాలి. ఎంత కడిగినా వాటిని మళ్లీ వంటకు వాడొద్దు.

అపోహ: మేడమీద ఎండలో పెడితే ఆయిల్ పెయింటింగ్ తొందరగా ఆరుతుంది.

వాస్తవం: వెలుతురు, గాలి కావాలి. నడి ఎండ వద్దు. పైపొర ముందు బిగుసుకుని కిందిది పచ్చిగా ఉండిపోతే ముడతలు పడతాయి, చెక్క చట్రం వంగుతుంది. మేడమీది ఎండ వడియాలకు వదిలేయండి.

అపోహ: పసుపు, బీట్‌రూట్ లాంటి వంటింటి రంగులు సహజమైనవి కాబట్టి కలకాలం నిలుస్తాయి.

వాస్తవం: సహజమైనదల్లా నిలవదు. పసుపుతో వేసిన బొమ్మను కిటికీ ఎదురుగా తగిలిస్తే కొన్నాళ్లకే వెలిసిపోతుంది. బీట్‌రూట్ ఇంకా త్వరగా పోతుంది. నిలిచేవి మన్ను రంగులు, మసి. గోడలకు, అరుగులకు మన పెద్దవాళ్లు పూసిన జాజు ఇనుము కలిసిన ఎర్రమన్ను. వెలుతురు దాన్ని ఏమీ చేయలేదు. దీపపు మసి కూడా అంతే.

నమ్మకం కుదరకపోతే లేపాక్షి వీరభద్రాలయానికి వెళ్లి నాట్యమండపం కప్పు చూడండి. అచ్యుతదేవరాయల కాలంలో, 16వ శతాబ్దంలో, విరూపణ్ణ, వీరణ్ణ అనే అన్నదమ్ములు కట్టించిన గుడి అది. పార్వతీ కల్యాణంలో ఆడవాళ్ల చీరల అంచులు, కిరాతార్జునీయంలో అడవిపంది, అన్నీ ఎరుపు, పసుపుపచ్చ, నలుపు, తెలుపు, ఆకుపచ్చ లాంటి కొద్దిపాటి రంగుల్లోనే. పెచ్చులు ఊడిన చోట బొమ్మ పోయింది. మిగిలిన చోట ఎరుపు ఇప్పటికీ ఎరుపే. నా విద్యార్థులను తీసుకెళ్లినప్పుడు మెడ నొప్పి పుట్టేదాకా చీరల అంచులే చూపిస్తాను. ఒక్క ఎరుపును పలచగా, చిక్కగా వాడి ఎన్ని రకాలు తేవచ్చో అంతకన్నా బాగా నేర్పే చోటు నాకు తెలియదు.

అపోహ: ఊళ్లో ప్రదర్శన పెడితే కొనేవాళ్లుండరు, చూసేవాళ్లకు అర్థం కాదు. హైదరాబాదో, బెంగళూరో వెళ్లాల్సిందే.

వాస్తవం: నగరంలో పెద్ద ధర పలుకుతుంది, నిజమే. గ్యాలరీ వాళ్లు అందులో మూడోవంతు నుంచి సగం దాకా తీసుకోవడం కూడా మామూలే. రవాణా, ఫ్రేములు, అక్కడ ఉండటానికి ఖర్చు కలిపి లెక్కేయండి. ఊళ్లో పెద్ద కాన్వాసు అమ్ముడుపోవడం అరుదు. కానీ అరచేయంత, పలకంత బొమ్మలు పోతాయి. గృహప్రవేశాలకు, పెళ్లిళ్లకు కొంటారు. నిమ్మలకుంట తోలుబొమ్మల వాళ్లు ఎప్పుడో ఈ దారి పట్టారు. ఆటకు పిలుపులు తగ్గాక అదే మేకతోలు మీద, అదే చేతిపనితో దీపాల షేడ్లు, గోడకు తగిలించే బొమ్మలు చేశారు. ఆ ఊరి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది.

ఇక అర్థం కాకపోవడం గురించి. ఒక ప్రదర్శనలో ఎర్రనేల బొమ్మ ముందు ఒక రైతు చాలాసేపు నిలబడి, "ఇది పదునుమీదుండే చేను కదమ్మా, విత్తేకి తయారుగా ఉండాది" అన్నాడు. వాన పడి ఒక రోజు గడిచిన మన్ను రంగు కోసం జాజులో మసి ఎంత కలపాలా అని నేను పడ్డ తంటా అంతా ఆయన ఒక్క చూపులో పట్టేశాడు. ఏ నగరంలోనూ నాకు అలాంటి ప్రేక్షకుడు దొరకలేదు.

అపోహ: కాన్వాసు, రంగుల ఖర్చు వేసుకుంటే అదే బొమ్మ ధర.

వాస్తవం: ఫ్రేము, అద్దం, హాలు అద్దె, ఆటో, మీ గంటలు, అన్నీ ధరలోకి రావాలి. ఇంటికొచ్చి అడిగినా, హాల్లో అడిగినా ఒకే ధర చెప్పండి. "మనవాళ్లే కదక్కా" అన్నవాళ్లకు ధర తగ్గించకండి, చిన్న బొమ్మ చూపించండి.

అపోహ: మనసు కుదిరితేనే బొమ్మ వస్తుంది.

వాస్తవం: కూర్చుంటే వస్తుంది.

అపోహ: ప్రదర్శన అంటే బొమ్మలు తగిలించడమే.

వాస్తవం: కాలేజీ హాళ్లలో, స్కూళ్లలో గోడకు మేకు కొట్టనివ్వరు. వెదురు చట్రాలు, నైలాన్ తాడు, ఇనుప కొక్కేలు మనమే తీసుకెళ్లాలి. బొమ్మ మధ్యభాగం నేల నుంచి సుమారు 5 అడుగుల ఎత్తులో ఉంటే నిలబడి చూసేవాళ్లకు సుఖం. అద్దం ఫ్రేములను కిటికీకి ఎదురుగా పెడితే చూసేవాళ్లకు తమ మొహమే కనిపిస్తుంది. డిసెంబరు, జనవరి మంచి నెలలు. మార్చిలో పరీక్షలు, ఆపైన ఎండలు, ఎవరూ రారు.

వచ్చినవాళ్లకు ఏదో ఒకటి పెట్టకుండా పంపడం మన ఇళ్లలో అలవాటు లేదు. ఉగ్గాని, బజ్జీ పెట్టాలని అందరికీ ఉంటుంది, కానీ ఆ నూనె చేతులు నేరుగా ఫ్రేముల మీదికి వెళతాయి. నేను సెనక్కాయలు ఉప్పేసి ఉడకబెట్టి, హాలు గుమ్మం బయట బల్ల మీద పెడతాను. పక్కనే తొక్కలకో బుట్ట, బకెట్ నీళ్లు, సబ్బు, తువ్వాలు. తిని, చేతులు కడుక్కుని, లోపలికి రమ్మంటాను.