జాతి గడి లేని ఫారం

అమెరికాలో నిందితుణ్ని విచారణకు ముందు వదలాలా, జైల్లోనే ఉంచాలా అని తేల్చేటప్పుడు చాలా కోర్టుల్లో జడ్జి ముందు ఒక రిస్క్ స్కోరు ఉంటుంది, అంటే ఇతను వాయిదా ఎగ్గొట్టే, మళ్లీ నేరం చేసే అవకాశం ఎంతో చెప్పే అంకె. ఆ స్కోరు కట్టే ఫారంలో జాతి అనే గడి ఉండదు. అయినా గొడవంతా జాతి మీదే.

మొదట్లో ఇలాంటి లెక్కలకు ఆ మొహమాటం కూడా లేదు. 1928లో సామాజిక శాస్త్రవేత్త ఎర్నెస్ట్ బర్జెస్ ఇల్లినాయ్ ఖైదీల్లో ఎవరికి పెరోల్, అంటే గడువుకు ముందే షరతులతో విడుదల, ఇవ్వొచ్చో అంచనా వేయడానికి 21 అంశాల పట్టిక తయారుచేశాడు. ఖైదీ తండ్రి ఏ దేశస్థుడన్నది అందులో ఒకటి.

బెయిల్ విషయంలో మాత్రం ఈ పద్ధతి పేదల పక్షాన మొదలైంది. 1961లో న్యూయార్క్‌లో వేరా ఫౌండేషన్ చేపట్టిన మన్‌హట్టన్ బెయిల్ ప్రాజెక్టులో లా విద్యార్థులు నిందితులను కలిసి ఇల్లు, ఉద్యోగం, కుటుంబం, పాత కేసుల గురించి అడిగి పాయింట్లు వేసేవారు. చాలినన్ని వస్తే సొంత పూచీకత్తుపై వదలమని సిఫారసు చేసేవారు. అలా బయటికొచ్చినవాళ్లలో బహుకొద్దిమందే వాయిదా ఎగ్గొట్టారు. 1966 బెయిల్ సంస్కరణ చట్టానికి దారి వేసింది ఈ ప్రయోగమే. కానీ స్థిరమైన ఇల్లూ ఉద్యోగమూ అన్ని జాతులకూ ఒకేలా దక్కని దేశంలో ఆ ప్రశ్నలకు పక్షపాతం లేదనలేం.

1984లో వచ్చిన కొత్త బెయిల్ చట్టం ఇంకో ప్రశ్న చేర్చింది: ఇతన్ని వదిలితే జనానికి ప్రమాదమా? 1987లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. అప్పటినుంచి పాత రికార్డుకు బరువు పెరిగింది. న్యూజెర్సీ 2017 నుంచి వాడుతున్న పద్ధతిలో ఇల్లు, ఉద్యోగం ఊసే లేదు. వయసు, పాత శిక్షలు, పెండింగ్ కేసు, ఎగ్గొట్టిన వాయిదాల వంటి 9 అంశాలే చూస్తారు. అయితే పోలీసులు ఏ పేటల్లో ఎక్కువ తిరిగితే రికార్డులూ అక్కడే పెరుగుతాయి. జాతి దొడ్డిదారిన వచ్చేది ఇక్కడే.

2016లో ప్రోపబ్లికా అనే వార్తాసంస్థ ఫ్లోరిడాలోని బ్రోవర్డ్ కౌంటీలో కంపాస్ అనే సాఫ్ట్‌వేర్ స్కోర్లను పరిశీలించింది. తర్వాత మళ్లీ ఏ నేరమూ చేయని నల్లజాతివారిలో 44.9 శాతం మందికి ఎక్కువ రిస్క్ ముద్ర పడింది. శ్వేతజాతివారిలో అది 23.5 శాతమే. ఒకే స్కోరు వచ్చిన రెండు జాతులవారూ దాదాపు ఒకే రేటులో మళ్లీ నేరం చేస్తున్నారని తయారీ సంస్థ వాదించింది. విచిత్రమేమంటే ఇద్దరి లెక్కా సరైనదే. రెండు వర్గాల మూల రేట్లు, అంటే ఒక్కో వర్గంలో మళ్లీ నేరం చేసేవారి శాతం, వేరైనప్పుడు ఏ స్కోరూ ఈ రెండు రకాల న్యాయాన్నీ (తప్పుడు ముద్రలు సమానంగా పడటం, ఒకే స్కోరుకు ఒకే అర్థం ఉండటం) ఒకేసారి ఇవ్వలేదని పరిశోధకులు కొద్దికాలానికే నిరూపించారు. ఇంతకీ ఆ రేట్లు పోలీసుల దృష్టికి వచ్చిన నేరాలవే, జరిగినవన్నీ కావు. ఈ ముక్కకు చర్చలో దక్కాల్సినంత చోటు దక్కలేదు.

కాలిఫోర్నియా 2018లో డబ్బు బెయిల్ తీసేసి రిస్క్ అంచనా తెస్తూ చట్టం చేసింది. దాన్ని రుసుము తీసుకుని నిందితుల బెయిల్‌కు పూచీ పడే బెయిల్ బాండ్ వ్యాపారులూ వ్యతిరేకించారు, స్కోర్లను నమ్మని కొన్ని పౌరహక్కుల సంఘాలూ వ్యతిరేకించాయి. 2020 నవంబరులో ఓటర్లు ఆ చట్టాన్ని తిరస్కరించారు. డబ్బు బెయిల్ నిలిచింది.