కిలో మైలుతుత్తం, కిలో సున్నం: లెక్క సమానమేనా?

పంటలకు బూజు తెగుళ్ళు రాకుండా చల్లే బోర్డో మిశ్రమం ఒక శాతానిదైతే కిలో మైలుతుత్తం (నీలి కాపర్ సల్ఫేట్), కిలో సున్నం, వంద లీటర్ల నీళ్ళు. కిలోకి కిలో వేస్తున్నాం కదా, రెండూ సరికి సరి కలిసిపోతాయా అని ఒక పాఠకుడి ప్రశ్న. తూకంలో సమానమే, లోపలి కణాల తలల లెక్కలో కాదు.

రూపాయి బిళ్ళలు చూడండి. 2011లో వచ్చిన రకం రూపాయి బరువు 3.79 గ్రాములు, అదే రకం రెండు రూపాయల బిళ్ళ 4.85. సంచిలో అన్నీ ఆ రకం రూపాయిలే అయితే విప్పి లెక్కపెట్టక్కర్లేదు, 3,790 గ్రాములు తూగితే వెయ్యి. అదే తూకం రెండు రూపాయలవైతే 781 మాత్రమే. రసాయన శాస్త్రం కూడా తూచే లెక్కపెడుతుంది. కాకపోతే వెయ్యికి బదులు 6.022 × 10²³ని ఒక కట్టగా పెట్టుకుంది. ఆ కట్టే మోల్. 2019 మే 20 నుంచి 6.02214076 × 10²³ అన్నది నిర్వచనంలోనే ఖాయం. ఈ సంఖ్యకు ఎవరి పేరు పెట్టారో ఆ శాస్త్రవేత్త అవొగాడ్రో మాత్రం అది తెలియకుండానే 1856లో పోయాడు.

1992 తర్వాత వచ్చిన పాత స్టీలు రూపాయి 4.85 గ్రాములు. విలువ అదే, బరువు వేరు. రాగి పరమాణువుల్లోనూ అంతే: ద్రవ్యరాశి సంఖ్య (బరువును సూచించే అంకె) 63 ఉన్నవి దాదాపు 69 శాతం, 65 ఉన్నవి 31 శాతం. అందుకే మూలకాల పట్టికలో సగటు 63.55 కనిపిస్తుంది.

ఇక మైలుతుత్తం. నీలి స్ఫటికంలో ప్రతి కాపర్ సల్ఫేట్ యూనిట్‌కీ ఐదు నీటి అణువులు అతుక్కుని ఉంటాయి. ఒక్కో బిళ్ళకీ ఐదు కాగితాలు చుట్టి తూచినట్టు. బిళ్ళ 159.6, కాగితాలు 90.1, మొత్తం 249.7 గ్రాములకు ఒక మోల్. కిలోని 249.7తో భాగిస్తే 4.005 మోల్‌లు. వాటిని 6.022 × 10²³తో గుణిస్తే 2.41 × 10²⁴ రాగి అయాన్లు (విద్యుదావేశం ఉన్న రాగి కణాలు). తిరుగుదారిలో ముందు భాగహారం, తర్వాత గుణకారం: అయాన్లను 6.022 × 10²³తో భాగించి 249.7తో గుణించాలి. గ్రాముల నుంచి కణాలకు అడ్డదారి లేదు, మోల్ మీదుగానే పోవాలి. వేలితో ఒక మూల మూసి జవాబు చదివే త్రిభుజం కిటుకు బళ్ళలో నేర్పుతారు, అది మార్కులకు తప్ప దేనికీ పనికిరాదు.

ఎక్కువమంది తప్పేది ఇక్కడే: నీలి స్ఫటికాన్ని తూస్తూ 159.6 వాడతారు. 0.1 మోల్ కావాలని 15.96 గ్రాములు తీసుకుంటే చేతికొచ్చేది 0.0639 మోలే, 36 శాతం తక్కువ. ఆ 36 శాతమూ నీళ్ళే. కిలో మైలుతుత్తంలో 361 గ్రాముల నీరు, 254 గ్రాముల రాగి. రెండో తప్పు క్యాలిక్యులేటర్‌ది: 6.022 తర్వాత ×10 నొక్కి, ఆపైన ఘాతం (EXP) మీట కూడా నొక్కితే జవాబు పదింతలవుతుంది. మూడోది, ఏ కణమో చెప్పకపోవడం. ఆక్సిజన్ మోల్ అంటే పరమాణువులైతే 16 గ్రాములు, అణువులైతే 32. పరమాణువు బద్దలయ్యే దాన్ని అణుబాంబు అనే భాషలో పిల్లలు తికమకపడితే తప్పు వాళ్ళది కాదు.

తడి తగిలి పొడైన సున్నం మోలార్ ద్రవ్యరాశి, అంటే ఒక మోల్ బరువు, 74.09 గ్రాములు. కిలోలో 13.5 మోల్‌లు. నీళ్ళు తగలని గుల్లసున్నమైతే 56.08, అంటే 17.8. సున్నంతో కలిసి రాగి అంతా హైడ్రాక్సైడ్‌గా మారాలంటే ఒక్కో రాగి అయానుకి రెండు హైడ్రాక్సైడ్‌లు కావాలి. సున్నం ఒక్కో యూనిట్‌కి రెండేసి ఇస్తుంది. కాబట్టి మోల్‌కి మోల్: 4.005 × 74.09, దాదాపు 297 గ్రాములు చాలు. మిగతా 700 గ్రాములు వృథా అనుకోకండి. గాలి తగిలిన సున్నం కార్బన్ డయాక్సైడ్‌ని పీల్చి సున్నపురాయిగా మారిపోతుంది, అది ఈ పనికి రాదు. బస్తాలో ఎంత సున్నం మిగిలిందో తక్కెడ చెప్పదు.

చెప్పేది ఇనుప మేకు. మెరిసేలా రుద్దిన మేకునో కత్తినో మిశ్రమంలో కాసేపు ముంచి తీయండి. ఎర్రటి పూత పడితే రాగి ఇంకా స్వేచ్ఛగా ఉందని, సున్నం చాలలేదని. కొంచెం సున్నపు నీళ్ళు కలిపి మళ్ళీ ముంచాలి. ఒక ఇనుప పరమాణువు కరిగిన చోట ఒక రాగి పరమాణువు వచ్చి కూర్చుంటుంది: 55.85 గ్రాముల ఇనుము పోతే 63.55 గ్రాముల రాగి. మైలుతుత్తం నీళ్ళను ఇనుప డ్రమ్ములో కలపొద్దనేదీ ఇందుకే, డ్రమ్మే కరిగి రాగి దాని గోడకు పట్టేస్తుంది.